కీసరగుట్ట నుంచి మౌలాలి దాకా: మతాల విశ్వాసాలు, ఆచారాలు

ఏ మతాన్ని తెలుసుకోవాలన్నా రెండు సంగతులను విడివిడిగా చూడాలి. మొదటిది విశ్వాసం. సృష్టికి మూలం ఏది, మనిషి ఎందుకు పుట్టాడు, చనిపోయాక ఏమవుతాడు అనే ప్రశ్నలకు ఆ మతం ఇచ్చే జవాబు అది. రెండోది ఆచారం. ఆ జవాబును నమ్మినవాళ్లు రోజూ, ఏటా, పుట్టుకలోనూ చావులోనూ చేసే పనులు అవి. ప్రపంచ మతాలు విశ్వాసం దగ్గర ఒకదానికొకటి చాలా దూరంగా నిలబడతాయి. ఆచారం దగ్గరికి వచ్చేసరికి ప్రార్థన, ఉపవాసం, దానం, యాత్ర అనే నాలుగు దారుల్లో దాదాపు అన్నీ నడుస్తాయి. అయితే ఒకే దారిలో నడిచేటప్పుడు కూడా ఒక్కొక్క మతం ఉద్దేశం వేరు.

ఈ సంగతి తెలుసుకోవడానికి హైదరాబాద్ ఉత్తరపు అంచు చక్కని చోటు. 2016 అక్టోబర్ 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఒకవైపు కీసరగుట్ట మీద రామలింగేశ్వరుడు ఉన్నాడు. మరోవైపు మౌలాలి గుట్ట మీద హజ్రత్ అలీ పేరిట దర్గా ఉంది. శామీర్‌పేటలో చెరువును కాచే కట్టమైసమ్మ, ఆ ఊరు దాటితే అలియాబాద్ దగ్గర వేంకటేశ్వరుడి రత్నాలయం ఉన్నాయి. మేడ్చల్ నుంచి పట్నం వైపు వస్తే బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి, ఇంకా ముందుకు వెళ్తే సికింద్రాబాద్‌లో అదే ఏడాది కట్టిన పార్సీల అగ్ని దేవాలయం కనిపిస్తాయి. మేడ్చల్ మీదుగా ఉత్తరానికి వెళ్లే జాతీయ రహదారి మెదక్ కెథెడ్రల్ వైపు తీసుకెళ్తుంది. మేడ్చల్ స్టేషన్ దాటిన రైలు కామారెడ్డి, నిజామాబాద్, బాసర మీదుగా సిక్కుల పుణ్యక్షేత్రమైన నాందేడ్ చేరుతుంది.

జనసంఖ్యలో ఈ మతాలు సమానం కావు. 2010 నాటి అంచనాల ప్రకారం ప్రపంచ జనాభాలో క్రైస్తవులు సుమారు 31 శాతం, ముస్లింలు 23 శాతం, హిందువులు 15 శాతం, బౌద్ధులు 7 శాతం. ఏ మతానికీ చెందమని చెప్పుకునేవాళ్లు 16 శాతం. యూదులు అర శాతం కూడా లేరు. భారతదేశంలో 2011 జనగణన ప్రకారం హిందువులు 79.8 శాతం, ముస్లింలు 14.2, క్రైస్తవులు 2.3, సిక్కులు 1.7, బౌద్ధులు 0.7, జైనులు 0.4 శాతం. అయితే ఒక మతం మనిషికి నేర్పేది ఎంతటిదో ఈ అంకెలు చెప్పలేవు. అర శాతమైనా లేని జైనం అహింస గురించి చెప్పినంత పట్టుదలగా చెప్పిన మతాలు అరుదు.

ముందుగా దైవం సంగతి. హిందూ ధర్మంలో దైవాన్ని ఒకే రూపానికి కట్టిపడేయలేదు. ఉపనిషత్తులు చెప్పే బ్రహ్మం నామరూపాలు లేనిది. అదే పరతత్త్వం శివుడిగా, విష్ణువుగా, అమ్మవారిగా కొలువు అందుకుంటుంది. జీవుడు, బ్రహ్మం ఒక్కటేనని అద్వైతం అంటుంది. జీవుడు భగవంతుడిలో భాగమైనా వేరుగానే ఉంటాడని విశిష్టాద్వైతం, ఇద్దరూ ఎప్పటికీ వేరేనని ద్వైతం అంటాయి. కీసరగుట్ట స్థలపురాణంలో ఈ బహురూపత కళ్లకు కడుతుంది. రావణ వధ తర్వాత దోష పరిహారం కోసం రాముడు ఇక్కడ లింగ ప్రతిష్ఠ చేయాలనుకున్నాడు. కాశీకి వెళ్లిన హనుమంతుడు సమయానికి రాలేదు. శివుడే ప్రత్యక్షమై ఇచ్చిన లింగాన్ని రాముడు ప్రతిష్ఠించాడు. ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు నొచ్చుకుని, తాను తెచ్చిన 101 లింగాలను గుట్ట చుట్టూ విసిరేశాడు. గుడి చుట్టూ ఆరుబయట కనిపించే లింగాలు అవేనని భక్తులు నమ్ముతారు. విష్ణువు అవతారం శివుడిని పూజించడం ఈ కథకు ప్రాణం. ఊరి దేవతల సంగతి మరొకటి. కట్టమైసమ్మ చెరువు కట్టను కాస్తుంది, పోచమ్మ ఊరిని రోగాల నుంచి కాస్తుంది. ఇక్కడ దైవం ఊరితో, నీళ్లతో, పంటతో ముడిపడిన తల్లి.

ఇస్లాంలో దైవం ఒక్కడే. ఆయనకు సాటి లేదు, రూపం లేదు, సంతానం లేదు. ఈ ఏకత్వాన్ని తౌహీద్ అంటారు. ఆదం మొదలు ఇబ్రాహీం, మూసా, ఈసా వరకు ఎందరో ప్రవక్తలు వచ్చారని, ముహమ్మద్ చివరి ప్రవక్త అని ముస్లింల విశ్వాసం. మౌలాలి గుట్టను ఈ వెలుగులోనే చూడాలి. కుతుబ్‌షాహీల కాలంలో యాకూత్ అనే ఆస్థాన సేవకుడికి కలలో హజ్రత్ అలీ ఈ గుట్ట మీద కనిపించారని, తెల్లవారి వెళ్లి చూస్తే బండ మీద చేతి గుర్తు ఉందని ఐతిహ్యం. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో ఇక్కడ దర్గా వెలసింది. అలీ సమాధి ఇరాక్‌లోని నజఫ్‌లో ఉంది, మౌలాలిలో ఉన్నది ఆయన జ్ఞాపకం మాత్రమే. షియాలకు అలీ మొదటి ఇమాం, సున్నీలకు నాలుగో ఖలీఫా. దర్గాలో తలవంచేవాళ్లు అలీని దేవుడిగా కొలవరు. దేవుడికి ప్రియమైనవాడిగా గౌరవిస్తారు, ఆయన సిఫారసు కోరుతారు. ఆ మాత్రం కోరడం కూడా తౌహీద్‌కు పొసగదని చెప్పే ముస్లింలూ ఉన్నారు. కాబట్టి దర్గాను చూసి ఇస్లాం అంతా ఇదేనని అనుకోవడం సరికాదు. దర్గాకు ఇస్లాంలో చోటే లేదని అనడమూ సరికాదు.

క్రైస్తవంలోనూ దేవుడు ఒక్కడే. అయితే ఆ ఒక్క దేవుడు తండ్రిగా, కుమారుడిగా, పరిశుద్ధాత్మగా ఉన్నాడని క్రైస్తవుల నమ్మకం. దీన్ని త్రిత్వం అంటారు. బొల్లారం చర్చి పేరు ఈ త్రిత్వం మీదే పెట్టారు. 1983 నవంబర్ 20న బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ తన పెళ్లిరోజున ప్రార్థన చేసింది ఈ చర్చిలోనే. దేవుడే మనిషిగా పుట్టి, మనుషుల పాపాల కోసం సిలువ మీద ప్రాణమిచ్చి, మూడో రోజు లేచాడన్నది క్రైస్తవ విశ్వాసానికి మూలం. ఇస్లాంకూ క్రైస్తవానికీ మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. ఖురాన్‌లో మరియం పేరుతో ఒక అధ్యాయమే ఉంది. ఈసా కన్యకు పుట్టాడని ముస్లింలు నమ్ముతారు, ఆయన పేరు గౌరవంగా పలుకుతారు. దేవుడి కుమారుడని మాత్రం ఒప్పుకోరు. గౌరవం ఎంత ఉన్నా సిద్ధాంతం వేరే.

బౌద్ధ జైనాలు మరో దారి పట్టాయి. లోకాన్ని సృష్టించిన దేవుడు అనే భావన మీద ఆ రెండూ ఆధారపడలేదు. తనను తాను జయించిన 24 మంది తీర్థంకరులను జైనులు ఆరాధిస్తారు. వాళ్లు వరాలిచ్చే దేవుళ్లు కారు, దారి చూపినవాళ్లు. ప్రతి ప్రాణిలోనూ ఆత్మ ఉందని, కర్మ దానికి మకిలిలా అంటుకుంటుందని, తపస్సుతో ఆ మకిలి వదిలించుకోవాలని జైనం చెబుతుంది. బుద్ధుడు శాశ్వతమైన ఆత్మనే ఒప్పుకోలేదు. దుఃఖం ఉంది, దానికి తృష్ణ కారణం, ఆ దుఃఖానికి అంతం ఉంది, ఆ అంతానికి అష్టాంగ మార్గం ఉంది అన్నవి ఆయన చెప్పిన నాలుగు సత్యాలు. ఈ రెండు మతాలూ తెలంగాణకు కొత్తవి కావు. హైదరాబాద్‌లోని చైతన్యపురిలో, మూసీ దగ్గర బండ మీద ఉన్న ప్రాకృత శాసనం గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారాన్ని పేర్కొంటుంది. కోటగోడల ఆనవాళ్లు కీసరగుట్ట మీద వదిలి వెళ్లిన విష్ణుకుండినుల వంశంలోనే గోవిందవర్మ బౌద్ధ విహారానికి దానమిచ్చాడు, రెండో మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు చేశాడు. యాదాద్రి భువనగిరి జిల్లాలోని కొలనుపాక అయితే జైనులకూ వీరశైవులకూ పుణ్యక్షేత్రం. జైనులకు మాణిక్యదేవుడనే ఋషభనాథుడు అక్కడ ఉన్నాడు. వీరశైవులకు రేణుకాచార్యుడు వెలసిన సోమేశ్వరాలయం అక్కడే ఉంది.

సిక్కు మతంలో దైవం ఒక్కటే, నిరాకారం, కాలానికి అతీతం. 1469లో పుట్టిన గురు నానక్ నుంచి పదిమంది గురువులు ఆ దైవాన్ని బోధించారు. కర్మను, పునర్జన్మను సిక్కు మతం ఒప్పుకుంటుంది గానీ విగ్రహారాధనను, కులభేదాన్ని ఒప్పుకోదు. నిజాం కొలువుకు 1832లో మహారాజా రంజిత్ సింగ్ పంపిన సిక్కు సైనికుల వారసులు హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను దఖనీ సిక్కులంటారు.

ఇక గ్రంథాలు. వేదాలు ఎవరూ రాసినవి కావని, ఋషులు దర్శించినవని హిందువుల నమ్మకం. వాటిని తప్పులేకుండా నోట పలికి శిష్యులకు అందించడమే సంప్రదాయం. ఖురాన్‌లోని 114 అధ్యాయాలు దేవుడి మాటేనని, అరబ్బీలో దిగివచ్చాయని ముస్లింల విశ్వాసం. అందుకే ఏ దేశంలోనైనా నమాజు అరబ్బీలోనే చదువుతారు. క్రైస్తవులకు బైబిల్ దేవుడి ప్రేరణతో మనుషులు రాసిన గ్రంథం. ప్రొటెస్టెంట్లు 66 పుస్తకాలను, కతోలికులు 73 పుస్తకాలను అంగీకరిస్తారు. దాన్ని ఎవరి భాషలో వాళ్లు చదవడం దోషం కాదు సరికదా, విధి. సిక్కులకు గ్రంథమే గురువు. 1604లో గురు అర్జన్ కూర్చిన ఆదిగ్రంథం తర్వాత గురు గ్రంథ్ సాహిబ్‌గా స్థిరపడింది. 1430 పుటల ఆ గ్రంథంలో సిక్కు గురువుల వాణితో పాటు కబీరు, నామదేవుడు, సూఫీ అయిన ఫరీదు వాణి కూడా ఉంది. బౌద్ధుల త్రిపిటకం పాళీలో, జైన ఆగమాలు అర్ధమాగధిలో నిలిచాయి. ఖురాన్‌ను మొదట తెలుగులోకి తెచ్చిన పండితుడు చిలుకూరి నారాయణరావు హిందువు. పక్కవాడి గ్రంథాన్ని శ్రద్ధగా చదివే సంప్రదాయం తెలుగువాళ్లకు ఉందనడానికి ఆ పని గట్టి సాక్ష్యం.

మరణం తర్వాత ఏమిటన్న ప్రశ్న దగ్గర మతాలు రెండు పెద్ద గుంపులవుతాయి. భారతదేశంలో పుట్టిన నాలుగు మతాలూ జన్మ వెంట జన్మ ఉంటుందని, ఆ చక్రం నుంచి విడుదల కావడమే గమ్యమని చెబుతాయి. ఆ విడుదలకు మోక్షం, కైవల్యం, నిర్వాణం, ముక్తి అనే పేర్లున్నాయి. యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాల ప్రధాన సంప్రదాయంలో జన్మ ఒక్కటే. ఆ తర్వాత పునరుత్థానం, తీర్పు. ఈ తేడా అంత్యక్రియల్లో నేరుగా కనిపిస్తుంది. శరీరం వదిలేసిన వస్త్రం వంటిదని నమ్మేచోట దహనం చేస్తారు. దేవుడు తిరిగి లేపుతాడని నమ్మేచోట ఖననం చేస్తారు. ముస్లింలు శవానికి స్నానం చేయించి, తెల్లని కఫన్ చుట్టి, జనాజా నమాజు చదివి, ముఖం మక్కా వైపు ఉండేలా సమాధి చేస్తారు. క్రైస్తవులు పునరుత్థాన వాక్యాలు చదివి భూమిలో ఉంచుతారు. అయితే ఈ విభజన అంత సూటిగా ఉండదు. వీరశైవులు, సన్యాసులు, తెలంగాణ పల్లెల్లో ఇంకా ఎన్నో హిందూ కులాలవాళ్లు ఖననమే చేస్తారు.

చావు తర్వాత బతికున్నవాళ్లు చేసే పనుల్లో మాత్రం దగ్గరితనం కనిపిస్తుంది. హిందువుల ఇళ్లలో పిట్టకు పెట్టడం, దినాలు చేయడం, ఏటేటా తద్దినం పెట్టడం ఉన్నాయి. హైదరాబాద్ ముస్లింల ఇళ్లలో మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుం ఉన్నాయి. తెలుగు క్రైస్తవులు ఆదరణ కూటం, జ్ఞాపకార్థ కూటం పెడతారు. సిద్ధాంతం ఏదైనా, దుఃఖంలో ఉన్న ఇంటికి పదిమంది రావాలని, వచ్చినవాళ్లు కలిసి తినాలని అన్ని మతాలవాళ్లూ కోరుకున్నారు.

ప్రార్థన విషయానికొస్తే, ఇస్లాం దానికి సమయం, దిక్కు, భంగిమ అన్నీ నిర్ణయించింది. ఫజర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా అనే ఐదు వేళల్లో ముఖం, కాళ్లుచేతులు కడుక్కుని (దీన్ని వజూ అంటారు) మక్కాలోని కాబా వైపు తిరిగి నమాజు చేయాలి. మేడ్చల్ నుంచి ఆ దిక్కు పడమర, కాస్త వాయవ్యానికి వాలుతుంది. శుక్రవారం మధ్యాహ్నం జమాతుతో కలిసి చదివే జుమా నమాజు ముఖ్యం. క్రైస్తవానికి ఆదివారం ముఖ్యం, ఎందుకంటే యేసు లేచింది ఆ రోజు. కతోలికుల ఆరాధనకు దివ్యబలిపూజ కేంద్రం. ప్రొటెస్టెంట్ సంఘాల్లో వాక్య బోధకు, పాటకు ఎక్కువ చోటు. రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం రెండు చోట్లా ఉంది. అవి యేసు శరీరరక్తాలుగానే మారుతాయని కతోలికులు నమ్ముతారు. ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది ఆ మార్పును ఒప్పుకోరు. ఈ రెండు సంఘాలూ విడిపోయిన పదహారో శతాబ్దపు చీలికలో ఇదీ ఒక పెద్ద వాదమే.

హిందూ ఆలయంలో సమూహ ప్రార్థన కంటే దర్శనం ముఖ్యం. దేవుడిని అతిథిగా, రాజుగా భావించి మేల్కొలుపు నుంచి పవళింపు దాకా సేవలు చేస్తారు. భక్తుడు తనకు వీలైనప్పుడు వచ్చి, ప్రదక్షిణ చేసి, అర్చన చేయించుకుని, తీర్థప్రసాదాలు తీసుకుంటాడు. ఇంట్లో దీపం పెట్టడమూ పూజే. జైన మందిరంలో విగ్రహానికి కేసరం అద్ది, బియ్యంతో స్వస్తిక్ వేస్తారు. కోరికలు కోరడం అక్కడి ఆదర్శం కాదు, తీర్థంకరుడి గుణాలు తలచుకోవడమే ఆదర్శం. బౌద్ధుడు బుద్ధుడిని, ధర్మాన్ని, సంఘాన్ని శరణు వేడి, పంచశీలాలు చెప్పుకుని ధ్యానం చేస్తాడు. గురుద్వారాలో తల కప్పుకుని గ్రంథం ముందు వంగి, కీర్తన విని, తర్వాత లంగర్‌లో అందరితో కలిసి నేల మీద కూర్చుని తింటారు.

ఉపవాసంలో తేడాలు ఆసక్తికరంగా ఉంటాయి. మహాశివరాత్రికి కీసరగుట్ట జాతరకు వచ్చే భక్తులు పగలంతా ఉపవాసం, రాత్రంతా జాగరణ ఉండి మరునాడు భోజనం చేస్తారు. పండ్లు, పాలు తీసుకునేవాళ్లూ ఉంటారు, ఏమీ ముట్టనివాళ్లూ ఉంటారు. ఎంత కఠినంగా ఉండాలన్నది భక్తుడి సంకల్పం. రంజాన్‌లో అలా కాదు. ఆ నెలంతా తెల్లవారుజామున సహరీ మొదలు సూర్యాస్తమయంలో ఇఫ్తార్ వరకు మంచినీళ్లు కూడా ముట్టకూడదు. రోగులకు, ప్రయాణికులకు, గర్భిణులకు మినహాయింపు ఉంది. క్రైస్తవులు ఈస్టర్‌కు ముందు ఆదివారాలు తీసేసి నలభై రోజులు శ్రమకాలంగా పాటిస్తారు. అది పశ్చాత్తాపానికి, సంయమానికి పెట్టుకున్న కాలం. శ్వేతాంబర జైనుల్లో కొందరు పర్యూషణ పండుగ ఎనిమిది రోజులూ కాచి చల్లార్చిన నీళ్లు మాత్రమే, అదీ పగటిపూటే తాగి ఉంటారు. చివరి రోజున ఏడాదిలో తెలిసీ తెలియక నొప్పించినవాళ్లందరినీ క్షమాపణ అడుగుతారు. బౌద్ధ భిక్షువులు మధ్యాహ్నం దాటాక ఆహారం తీసుకోరు. సిక్కు మతం ఉపవాసాన్ని పుణ్యకార్యంగా చూడదు. పార్సీ మతం ఉపవాసాన్ని ప్రోత్సహించదు, ఎందుకంటే దేహాన్ని బలంగా ఉంచుకుని మంచి పనులు చేయడమే వారికి ధర్మం. ఆకలిని ఒక మతం భక్తి అంటుంది, ఒకటి విధేయత అంటుంది, ఒకటి ప్రాయశ్చిత్తం అంటుంది, ఒకటి తపస్సు అంటుంది, మరొకటి అనవసరం అంటుంది. బయటికి ఒకేలా కనిపించే పనికి లోపల ఇన్ని అర్థాలు.

బలి గురించి మతాలు చెప్పేది ఇంకా తీవ్రంగా వేరుపడుతుంది. ఆషాఢంలో బోనాలప్పుడు ఆడవాళ్లు అన్నం వండిన ఘటం మీద దీపం పెట్టి, వేపమండలు కట్టి, నెత్తిన ఎత్తుకుని మైసమ్మకు, పోచమ్మకు సమర్పిస్తారు. మొక్కు ఉన్నవాళ్లు కోడినో మేకనో ఇస్తారు. ఆ మాంసం ఇంటిల్లిపాదీ, చుట్టపక్కాలు కలిసి తింటారు. అదే హిందూ ధర్మంలోని వైష్ణవ ఆలయంలో బలి ఊహకు కూడా అందదు. బక్రీద్‌నాడు ముస్లింలు ఇచ్చే ఖుర్బానీకి ఇబ్రాహీం కథ మూలం. దేవుడి ఆజ్ఞ మీద కొడుకునే ఇవ్వడానికి సిద్ధపడిన ఆయన విధేయతకు అది జ్ఞాపకం. మాంసాన్ని ఇంటికి, బంధుమిత్రులకు, పేదలకు మూడు భాగాలుగా పంచడం ఆనవాయితీ. యూదులు పూర్వం జెరూసలేం దేవాలయంలో బలులిచ్చేవారు. క్రీ.శ. 70లో రోమన్లు ఆ ఆలయాన్ని కూల్చాక బలుల స్థానాన్ని ప్రార్థన తీసుకుంది. యేసే చివరి బలి అని, ఇక వేరే బలి అక్కర్లేదని క్రైస్తవుల విశ్వాసం. బౌద్ధ జైనాలు జంతుబలిని మొదటి నుంచీ ఖండించాయి. జైన సాధువు అడుగు వేసేముందు చీమ కూడా నలగకుండా దారి ఊడ్చుకుంటాడు.

దానంలో ఇస్లాంది స్పష్టమైన లెక్క. నిసాబ్ అనే పరిమితికి మించిన సంపద చాంద్రమాన సంవత్సరం పాటు చేతిలో ఉంటే, అందులో రెండున్నర శాతం జకాత్‌గా ఇవ్వాలి. అది దయతో ఇచ్చేది కాదు, పేదల హక్కు. రంజాన్ ముగిశాక వచ్చే ఈద్ నమాజుకు ముందే పేదలకు ఫిత్రా అనే దానం ఇవ్వాలి. చాలా క్రైస్తవ సంఘాల్లో దశమభాగం ఇచ్చే పద్ధతి ఉంది. సిక్కులు దస్వంధ్ పేరుతో సంపాదనలో పదో వంతు కేటాయిస్తారు. ఆ డబ్బుతో, భక్తుల శ్రమతో లంగర్ నడుస్తుంది. జైనులు ఆహారం, ఔషధం, శాస్త్రం, అభయం అనే నాలుగు దానాలు చెబుతారు. ప్రాణభయం పోగొట్టడాన్ని కూడా దానంగా లెక్కించడం వారి ప్రత్యేకత. హిందువులకు అన్నదానం అన్నిటికన్నా గొప్పది. మెదక్ కెథెడ్రల్ కథలో దానం, ఆరాధన ఒక్కటైపోయాయి. వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని చూపి తిండి పెట్టడానికి ఆ కట్టడాన్ని సాధనం చేసుకున్నారని చెబుతారు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగి, 1924 డిసెంబర్ 25న చర్చి ప్రతిష్ఠ జరిగింది. దాని గోపురం ఎత్తు 175 అడుగులు.

యాత్ర కూడా అన్ని మతాల్లో ఒకే స్థాయిలో లేదు. శక్తి ఉన్న ముస్లింకు జీవితంలో ఒక్కసారి హజ్ తప్పనిసరి. జుల్‌హజ్ నెలలో, నిర్ణీత రోజుల్లో, రాజు పేద తేడా లేకుండా మగవాళ్లంతా కుట్టులేని రెండు తెల్లబట్టలతో చేయాలి. హిందువులకు కాశీ, తిరుపతి, యాదగిరిగుట్ట వంటి తీర్థాలెన్నో ఉన్నా, వెళ్లకపోతే మతం తప్పినట్టు కాదు. కతోలికులు ఫిబ్రవరిలో విజయవాడలోని గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్తారు. మరియకు ప్రార్థించే పద్ధతి లేని ప్రొటెస్టెంట్లకు అలాంటి క్షేత్రాల అవసరం తక్కువ. లుంబిని, బోధగయ, సారనాథ్, కుశీనగరం బుద్ధుడి జీవితంలోని నాలుగు ఘట్టాలకు గుర్తులు. తీర్థస్నానం వల్లనే పుణ్యం రాదని సిక్కు గురువులు బోధించినా, 1708లో గురు గోవింద్ సింగ్ దేహం వదిలిన నాందేడ్ హజూర్ సాహిబ్‌ను సిక్కులు ప్రాణంతో సమానంగా చూసుకుంటారు.

పండుగల తేదీలు ఎందుకు మారతాయో తెలిస్తే ఊళ్లో పండుగల కలయిక అర్థమవుతుంది. ఇస్లామీ సంవత్సరం పూర్తిగా చంద్రుడి మీద నడుస్తుంది. అందులో రోజులు 354 లేదా 355. అందుకే రంజాన్, మొహర్రం ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరిగి, సుమారు 33 ఏళ్లలో అన్ని ఋతువులూ తిరిగొస్తాయి. 2030లో రంజాన్ నెల జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర మరోసారి మొదలవుతుంది. హిందూ పంచాంగం కూడా చంద్రుడినే లెక్కిస్తుంది గానీ, అధికమాసం చేర్చి సూర్యుడితో సరిచూసుకుంటుంది. కాబట్టి బోనాలు వానాకాలాన్ని, దసరా శరత్తును వదలవు. యూదుల లెక్కా ఇలాంటిదే. క్రైస్తవంలో క్రిస్మస్ సౌరమాన తేదీకి కట్టుబడి ఉంటుంది. ఈస్టర్ మాత్రం మార్చి 21 నాడు గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక తొలి ఆదివారం. ఈ లెక్కల వల్లనే 2017లో సెప్టెంబర్ 30న దసరా, అక్టోబర్ 1న మొహర్రం పదో రోజు పక్కపక్కన వచ్చాయి.

ఆచారాలు సరిహద్దులు దాటే తీరుకు మొహర్రంలో జరిగే తెలంగాణ పీర్ల పండుగే పెద్ద నిదర్శనం. హిజ్రీ 61, అంటే క్రీ.శ. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్ అమరుడయ్యాడు. షియాలకు అది శోకదినం. తెలంగాణ పల్లెల్లో పీర్ల చావడి నుంచి లేచే, ఆ అమరులకు గుర్తులైన పీర్లకు హిందువులు కూడా దట్టీలు కట్టి, మొక్కులు చెల్లిస్తారు, అగ్నిగుండం చుట్టూ అలాయ్ ఆడతారు. అలాగే దర్గాల్లో కందూరు చేసే హిందువులు, మెదక్ చర్చి చూడటానికి వచ్చే అన్ని మతాల కుటుంబాలు తెలంగాణలో మామూలే. ఈ కలయికలో ఎవరూ తమ సిద్ధాంతం వదులుకోలేదు. మనుషులు ముందు ఇరుగుపొరుగులుగా బతికారు. ఆ ఇరుగుపొరుగుతనంలోంచే ఈ ఆచారాలు పుట్టాయి.

సంఖ్యలో చిన్నవైన మతాలనూ మరవకూడదు. పార్సీలు అహురమజ్దాను ఆరాధిస్తారు. అగ్ని ఆయన వెలుగుకు చిహ్నం. మంచి ఆలోచన, మంచి మాట, మంచి చేత వారి ధర్మసారం. నేల, నీరు, నిప్పు మైలపడకూడదని శవాలను మౌనగోపురంలో ఉంచడం వారి పాత పద్ధతి. యూదులకు తోరా, శనివారపు విశ్రాంతి దినం, ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ఉపవాసం ముఖ్యం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం పేరుతో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి.

అన్ని మతాలూ ఒక్కటే చెబుతాయని అనడం వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. సృష్టికర్త ఉన్నాడని కొన్ని చెబుతాయి, ఆ ప్రశ్నను కొన్ని పక్కన పెడతాయి. జన్మ ఒక్కటేనని కొన్ని, ఎన్నో అని కొన్ని అంటాయి. ఈ తేడాలను చెరిపేస్తే వాటి కోసం ప్రాణం పెట్టి బతికినవాళ్లను చిన్నబుచ్చినట్టే. తేడాలున్నాయి కాబట్టి కలిసి ఉండలేమనడమూ నిజం కాదు. కీసర, మౌలాలి, బొల్లారం తరతరాలుగా ఇరుగుపొరుగుగానే ఉన్నాయి. భారత రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి మనిషికీ తన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. చట్టం ఇచ్చే ఆ రక్షణకు మనుషుల అవగాహన తోడు కావాలి. అందుకు మొదటి మెట్టుగా, ప్రతి ఒక్కరూ పొరుగింటివారి పండుగ ఏమిటో, ఎందుకు చేస్తారో వారి నోటనే అడిగి తెలుసుకోవాలి, తమ పండుగ గురించి వారు అడిగినప్పుడు ఓపికగా చెప్పాలి.